రాత్రి నడిచే జాబ్‌లు.. మీకిచ్చే కొలువులు

బ్యాంకుల రోజువారీ ముగింపు లెక్కలు, నెలాఖరు బిల్లులు.. ఇలాంటి పనుల్ని పోగుచేసి ఒకేసారి నడపడమే బ్యాచ్ కంప్యూటింగ్. గంట పనికి సర్వర్లు కొనిపెట్టుకోవడం దండగని కంపెనీలు క్లౌడ్ బాట పడుతున్నాయి. ఏడబ్ల్యూఎస్ బ్యాచ్ వంటి సేవలు పని ఉన్నప్పుడే సర్వర్లు తెరిచి, అయిపోగానే మూసేస్తాయి. ఖాళీగా మిగిలిన ‘స్పాట్’ సర్వర్లయితే 90 శాతం దాకా చవక. మెలికేంటంటే, 2 నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసేసుకుంటారు!

అందుకే రెజ్యూమెలో టూల్ పేరు రాస్తే చాలదు. వెయ్యి మందికి బిల్లులు పంపే జాబ్ సగంలో ఆగిందనుకోండి. మళ్లీ నడిపితే ఎవరికీ రెండో బిల్లు వెళ్లకూడదు. అలా రాయగలరా? ల్యాప్‌టాప్‌లో క్రాన్‌తో చిన్న జాబ్ పెట్టి, మధ్యలో మీరే ఆపేయండి. ఆగిన చోటి నుంచే కొనసాగేలా సరిచేయండి. ఇంటర్వ్యూలో గట్టిగా చెప్పుకోగల ప్రాజెక్టు అదే.