సీడీలను పాతసామానులవానికి వేయుట తగునా?

మన గోదావరిమండలములలో నేడు ఇంటింటను ఒక వింతయైన శుద్ధికర్మ జరుగుచున్నది. ఇరువదియేండ్లుగా అలమారులలో నున్న వీసీడీలు, డీవీడీలు, వానిని నడపు యంత్రములతో గూడ సంచులకెక్కి పాతసామానులవాని తోపుడుబండిని చేరుచున్నవి. కొన్నియెడల వానిని దారములకు గట్టి, పిట్టలు వాలకుండ చేలలో వ్రేలాడదీయుచున్నారు. "సినిమాలన్నియు ఫోనులోనే యుండగా ఈ బిళ్ళ లేల?" యని విద్యావంతులే యడుగుచున్నారు. ఇంకను వీనిని కొని దాచుకొనువారిని జూచి ఛాందసులని నవ్వుచున్నారు. ఆ నవ్వు అవిచారమూలకమనియు, ఈ పారవేత మన జాతికి హానికరమనియు మా నిశ్చితాభిప్రాయము.

ఫోనులో "ఉన్నది" అనుటకును, ఫోనులో "చూడనిచ్చుచున్నారు" అనుటకును గల భేదమును మనవారు మఱచిరి. ఓటీటీ సంస్థలకు మనము కట్టునది వెల గాదు, అద్దె. మేమే యొక సంవత్సరము పదవతరగతివారికి ఒక పాతచిత్రమును గూర్చి చెప్పదలచి, చందా కట్టిన యొక సంస్థ జాబితాలో దానిని గుఱుతుపెట్టుకొంటిమి. పాఠము వచ్చు వారమునకు చిత్రమచట లేదు. గడువు తీఱినదట! మా చందాకు మాత్రము ఇంకను ఏడునెలల గడువున్నది.

ఇది మావంటి యుపాధ్యాయుని చిన్నకష్టమని త్రోసివేయుదురేమో. లోకమున జరిగినది చూడుడు. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, తన కిండిల్ యంత్రములలో పాఠకులు సొమ్మిచ్చి కొన్న జార్జి ఆర్వెల్ గ్రంథములను, వానిని ప్రకటించినవానికి హక్కులేదని తెలిసి, కొన్నవారి యనుమతి లేకయే తుడిచివేసెను. సొమ్ము తిరిగియిచ్చిరి, నిజమే. మనము లేనివేళ ఇల్లు చొచ్చి, పుస్తకము గొనిపోయి, బల్లమీద రూపాయలుంచి పోయినవానిని మన మేమందుము? తుడువబడినవానిలో "1984" యను నవల యొకటి. గతమును తుడిచివేయు ప్రభుత్వమును గూర్చిన కథ యది! 2024 జనవరిలో "అన్నపూరణి" యను తమిళచిత్రము, మతభావములు నొచ్చినవను ఫిర్యాదులు రాగా, నెట్‌ఫ్లిక్స్ జాబితానుండి తొలగింపబడెను. ఆ చిత్రము మంచిదా చెడ్డదా యనునది ఇచట మాకు ప్రసక్తము గాదు. ఫిర్యాదు న్యాయమైనదో కాదో స్వయముగా విచారింపగోరినవా డానాడు దేనిని జూచి విచారింపవలెను? కాలిఫోర్నియా రాష్ట్రమువారు మాత్రము కొంత మేలుకొనిరి. "కొనుము" అని వ్రాసి అనుమతిని మాత్రమే యమ్ము వర్తకుడు ఆ సంగతిని తేటగా చెప్పితీరవలెనని అచట చేసిన చట్టము 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను.

ఇక బిళ్ళ సంగతి. 2007లో మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మ మొదలిడగా, మన యూళ్ళ బస్సుస్టాండులలో సైతము పాతచిత్రములు వేరుసెనగకాయలవలె అమ్ముడుపోయినవి. ఆ సంస్థ ఆస్తులమ్మి అప్పులు తీర్పవలసినదని 2018లో ఉత్తరువు వెడలెను. ఆనాడు కొన్న బిళ్ళ నేడును ఆడుచున్నది. అమ్మినవాడు పోయినను వస్తువు మిగిలినది. ఓటీటీ సంస్థ మూతపడిననాడు చందాదారునికి మిగులున దేమి?

మనము పోగొట్టుకొనుటయందు క్రొత్తవారము గాము. 1932 ఫిబ్రవరి 6వ తేదీని విడుదలయైన మొదటి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి "భక్తప్రహ్లాద", నేడు చూతమన్న దొరకదు. కాకినాడలో సి. పుల్లయ్యగారు తీసిన "మార్కండేయ" మూకీచిత్రము పేరుగా మాత్రమే నిలిచినది. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరముననే దుర్గా సినీటోన్ అను స్టూడియోను నెలకొల్పిరని చెప్పినచో మా విద్యార్థులు కట్టుకథయనుకొందురు. చిత్రములను కాపాడుటకే 1964లో పూనాలో ప్రభుత్వము స్థాపించిన జాతీయభాండాగారమునందును 2003 జనవరిలో అగ్నిప్రమాదము జరిగి పాతచిత్రముల చుట్టలు కాలిపోయినవి. ఒక్కచోట దాచుట దాచుట గాదని యింతకంటె స్పష్టముగా నెవరు చెప్పగలరు?

సంస్కృతము చదివినవారికి ఈ విషయము సులభగ్రాహ్యము. పూనాలోని భండార్కరు పరిశోధనసంస్థవారు 1919లో మొదలిడి 1966లో ముగించిన మహాభారత పరిష్కరణమునకు 1,259 తాళపత్ర, కాగితపు ప్రతులను పోల్చి చూచిరి. ఏ మఠమునందో, ఏ పల్లెటూరి బ్రాహ్మణుని యటుకమీదనో, ఏ సంస్థానాధీశుని పెట్టెలోనో అవి వేర్వేరుగా నిలిచియుండబట్టి పోల్చుట సాధ్యమయ్యెను. ఆ ప్రతులన్నియు ఒకే వర్తకుని యింట నుండి, వాడు తనకు లాభకరమైన పాఠమును మాత్రము మనకు చూపియున్నచో పాఠాంతరమను మాటయే యుండెడిదికాదు. 1957 నాటి "మాయాబజార్"ను రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసిరి. అది మూలముకంటె కుదింపబడినది. రంగులను మేము నిందింపము. కాని నలుపు తెలుపుల మూలము బిళ్ళరూపమున ఇంటింట నున్నంతకాలము, ఏ పాట పోయినదో, ఏ ఘట్టము తఱిగినదో పిల్లవాడు సైతము చెప్పగలడు. బిళ్ళ పోయినపిమ్మట చూపినదే మూలమగును.

అందును మన ప్రాంతమువారి కొక విశేషమైన బాధ్యత గలదు. "మూగమనసులు" (1964), పులిదిండి గ్రామమున తీసిన "సాక్షి" (1967), గోదావరిపై పడవప్రయాణమే కథయైన "అందాల రాముడు" (1973): వీనిని వినోదముగా మాత్రము చూచుట అన్యాయము. రేవులు, పడవలు, కాలువగట్లు, ఆనాటి ఇండ్ల అరుగులు, మనుష్యుల నడకయు మాటయు వానియందున్నవి. పోలవరము జలాశయముచే పాపికొండల తీరమున ఊళ్ళకూళ్ళే ముంపునకు గుఱియైన యీకాలమున, ఆ నది యెట్లుండెడిదో మన మనుమలకు చూపగల సాక్ష్యము ఇదియే. ఈ సాక్ష్యము ఎవని లాభనష్టముల పట్టికనో అనుసరించి కనబడుచు మాయమగుచుండవలెనా?

"బిళ్ళ మాత్రము శాశ్వతమా?" యని ప్రతిపక్షులు ప్రశ్నింతురు. కాదు. డీవీడీ యనునది రెండు ప్లాస్టికు పొరలు బంకతో నతుకగా నైన, 1.2 మిల్లీమీటర్ల మందముగల వస్తువు; నడుమ నున్న లోహపుపూతకు గాలియు చెమ్మయు తగిలిన అది చెడును. కాలువలచేతను వరదలచేతను ఏడాదిపొడవున చెమ్మగా నుండు మన సీమలో ఈ భయ మధికము. 1986 ఆగస్టు వరదలో కాగితములు పోగొట్టుకొన్న కుటుంబములవారికి మేము చెప్పనక్కఱలేదు. ఇంటిలో మనమే వ్రాసికొను బిళ్ళలు రంగుపూతపై నాధారపడినవి గావున కర్మాగారమున అచ్చొత్తినవానికంటె ముందే చెడును. అట్లు వ్రాసికొను బ్లూరేల తయారీని 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ మానివేసెను. నడపు యంత్రములును క్రమముగా అరుదగుచున్నవి. ఇవన్నియు సత్యములే. అయినను తాటాకు చెదలు పట్టునని తెలిసి మన పూర్వులు తాటాకును మానలేదు. మఱియొక ప్రతి వ్రాయించిరి.

అద్దెయింట నుండుటయే పాపమని మే మనుటలేదు. పగలెల్ల చేలో పనిచేసి వచ్చిన కూలివాడు రాత్రి ఫోనులో సినిమా చూచినచో మాకు సంతోషమే. ఉన్న సొంతయింటిని కూల్చుకొని అద్దెయింటికి పోవువానిని జూచియే మా విచారము.

అయితే బిళ్ళలను సేకరించువారిని మేము పూర్తిగా మెచ్చుకొనజాలము. వారిలో కొందఱు పైకాగితమైన విప్పక, అద్దములబీరువాలో వరుసగా పేర్చి, ఫోటో తీసి నలుగురికి చూపి తృప్తిపడుచున్నారు. చేతికిమ్మన్న ఇయ్యరు. ఇది ధనవంతుని బంగారుపిచ్చికి తమ్ముడు. మఱికొందఱు దొంగప్రతులు గుట్టలుగా పోగుచేసి "మేము సంస్కృతిని కాపాడుచున్నాము" అందురు. దొంగప్రతి చిత్రకారునికి ద్రోహము. పైగా అది బొమ్మ మసక, మాట బొంగురు. ఈ రెండు తెగలవారివలననే నిజమైన సేకర్తలకు అపకీర్తి వచ్చినది.

చేయవలసిన దేమనగా, బిళ్ళలు గ్రంథాలయములకు రావలెను. ఇందుకు చట్టమడ్డురాదు, తోడ్పడును. 1957 నాటి కాపీరైటు చట్టమును 2012లో సవరించినప్పుడు, న్యాయముగా సంపాదించిన చలనచిత్రప్రతిని లాభాపేక్షలేని గ్రంథాలయమో విద్యాసంస్థయో ఎరువిచ్చుట వ్యాపారపు టద్దె గాదని స్పష్టముగా వ్రాసిరి. పాఠశాలలో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు మాత్రము చూపుటకును ఆ చట్టమున అవకాశమున్నది. చందాసంస్థలలో పెక్కింటి యొప్పందములు మాత్రము ఇంటివారు చూచుటకే అనుమతించును. అనగా బిళ్ళను ఊరికి ఎరువియ్యవచ్చును, చందాను ఇయ్యరాదు. ఈ యొక్క భేదము చాలును మా వాదమునకు.

నాళము కృష్ణారావుగారు 1898లో రాజమహేంద్రవరమున వసురాయ గ్రంథాలయమును పెట్టినప్పుడు వారిచేత రాజ్యమున్నదా? నేటి గౌతమీగ్రంథాలయము దానినుండి పెరిగినదే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో కూడిన ప్రథమాంధ్ర గ్రంథాలయసభకు మన చిలకమర్తివారే అధ్యక్షులు. గ్రంథాలయోద్యమమునకై జీవితమునే ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మన కొంకుదురువారు. ఇట్టి సీమలో శాఖాగ్రంథాలయమున కొక బీరువాయు, బాగుచేయించిన యొక యంత్రమును సమకూర్చుట అసాధ్యమా? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్నును మనము కట్టుచునే యున్నాము. 1954 నాటి చట్టముచే ప్రకాశకుడు ప్రతిపుస్తకమును జాతీయగ్రంథాలయమున కర్పించుచుండగా, విడుదలయైన ప్రతిచిత్రమును అట్లేల యర్పింపరాదో శాసనసభ్యుల నడుగవలెను.

అంతవఱకును పాతసామానులవాడు వీధిలో కేకవేసినప్పుడు సంచిని ఒకమాఱు గుమ్మరించి చూడుడు. గీతలుపడి యాడనివి, దొంగప్రతులు వానికే పోవచ్చును. అచ్చొత్తిన తెలుగుచిత్రమైనచో పేరు, సంవత్సరము, ప్రకటించిన సంస్థ ఒక చీటిపై వ్రాసి, మెత్తనిబట్టతో నడుమనుండి అంచువైపునకు తుడిచి, నిలువుగా పెట్టెలోనుంచి, మీ యూరి గ్రంథపాలకుని కిండు. ఆయన వలదన్నచో పాఠశాలలో మాబోటివా డొకడు తప్పక యుండును.