త్యాగయ్య మనవాడైతే...

ఏటా పుష్య బహుళ పంచమి వచ్చేసరికి మన తెలుగు సంఘాలకు పూనకం వస్తుంది. మామిడాకుల తోరణాలు, పటానికి పూలదండ, వేదిక మీద అరడజను కుర్చీలు. త్యాగరాజు తెలుగువాడనీ, కర్ణాటక సంగీతమంటే తెలుగు సంగీతమేననీ, మనమే లేకపోతే వీళ్ళు ఏం పాడుకునేవాళ్ళనీ అధ్యక్షులవారు సెలవిస్తారు. చప్పట్లు మోగుతాయి. పాట మొదలవగానే చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది కాఫీకి లేస్తారు. లేచినవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళకు పాట అక్కర్లేదు, అంతే. నా పేచీ కూర్చున్నవాళ్ళతో. కళ్ళు మూసుకుని, తొడమీద తాళం వేస్తూ, "ఆహా" అంటూ, పాడుతున్న తెలుగులో ఒక్క వాక్యానికీ అర్థం పట్టించుకోని రసికులతో.

తెలుగు కృతిని తెలుగు మాటగా వినగలిగే వీలు కావేరి గట్టు మీదా, బెంగళూరులోనూ, బరంపురంలోనూ, షోలాపూరులోనూ ఎవరికైనా ఉంటే అది మనకే ఉంది. ఆ వీలు వాడుకోని మనిషికి త్యాగయ్యను మనవాడనే హక్కు ఎక్కడిదని అడుగుతున్నాను.

నాకు ప్రాణమైన కృతి ఒకటి చెబుతాను. కాంభోజి రాగంలో "మా జానకి". కచేరీల్లో దీన్ని నిండు భక్తితో, మొహం గంభీరంగా పెట్టి పాడతారు. అసలది ఏమిటి? పెళ్ళికూతురి తరఫువాళ్ళ ఎకసెక్కం! మా పిల్ల చెయ్యి పట్టుకోబట్టి నువ్వు ఇంతవాడివయ్యావయ్యా అని సాక్షాత్తు రాముణ్ణే ఎత్తిపొడవడం. అంతటితో వదిలాడా? మాయరూపాన్ని పంపి తాను అగ్ని దగ్గర ఉండిపోయింది, ఆ మాయారూపం రాక్షసుడి వెంట వెళ్ళి అశోకవృక్షం కింద కూర్చుంది, వాడు పేలిన మాటలకు కోపం వచ్చినా ఒక్క చూపుతో వాణ్ణి చంపెయ్యకుండా ఊరుకుంది, ఎందుకు? రావణుణ్ణి చంపిన పేరు నీకు దక్కాలని! మన ఇళ్ళలో వియ్యాలవారి బంతిలో మేనత్తలు ఆడే మాటలకూ దీనికీ ఏం తేడా? ఆ "మా"లో ఎంత దర్జా ఉందో, కాంభోజి ఆ దర్జాకి ఎలా ఒప్పిందో తెలుగు ఇంట్లో పెరిగినవాడికి వేరే చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది, అదే నా ఏడుపు.

మా వీధిలో ఒక అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో తెలుగు లేదు. ఒకరోజు అడిగింది, "తాతా, జానకి చెత్త ఎందుకు పట్టుకుంది?" అని. నవ్వి ఊరుకునే సంగతి కాదిది. ఆ పిల్ల పాటను ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకుంటుంది. అందులో చెట్టకీ చెత్తకీ ఒకటే స్పెల్లింగు. చెట్టబట్టడమంటే చెయ్యి పట్టడమనీ, పెళ్ళాడడమనీ ఆ పిల్లకు చెప్పవలసిన తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు. ఆ తండ్రి మా సంఘంలో సభ్యుడు, ఆరాధనకు చందా ముందుగా ఇచ్చేవాళ్ళలో ఒకడు.

పంచరత్నాల సంగతీ అంతే. అయిదింటిలో నాటరాగంలోది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ఆరభిలోని "సాధించెనే" చూడండి. తిరువయ్యారులో వందలమంది గొంతు కలిపి దాన్ని స్తోత్రంలా పాడతారు. అది స్తోత్రం కాదు, నిష్ఠూరం. మంచి దారి చూపిన తన మాటలనే తాను అబద్ధం చేసి, పట్టిన పట్టు నెగ్గించుకున్నాడే అని మనసుతో చెప్పుకునే ఫిర్యాదు. దగ్గరివాడి మీద తప్ప ఇలాంటి ఫిర్యాదు ఎవరూ చెయ్యరు. ఆ దగ్గరితనమే త్యాగయ్య భక్తి. అది పల్లవి ఎత్తుగడలోనే ఉంది, వినపడాలంటే తెలుగు రావాలి.

ఇక్కడ పెద్దమనుషులు ఒక మాట అడ్డం వేస్తారు: సంగీతానికి భాషేమిటయ్యా, నాదం ముఖ్యం, రాజరత్నం పిళ్ళై నాగస్వరంలో తోడి వాయిస్తే మాటలు కావలసి వచ్చాయా అని. కావలసి రాలేదు. ఆలాపనకు మాట అక్కర్లేదు, నేనూ గంటలకొద్దీ విన్నాను. కానీ కృతి రాసినవాడు మాట పెట్టాడు. ఒకే పంక్తిని సంగతి మీద సంగతి వేసి తిప్పి తిప్పి పాడించాడంటే ఆ మాటలో ఇంకా ఏదో ఉందని తవ్వుతున్నాడన్నమాట. మాటను పీచులా ఉమ్మేసి నాదం మాత్రం మింగుతామంటే, ఆ పని తెలుగు రానివాడు గత్యంతరం లేక చేస్తున్నాడు. వచ్చినవాడికి ఏం ఖర్మ?

ఇంక "మనవాళ్ళు" అనే గొప్ప. ఇది సగమే నిజం. త్యాగరాజు (1767-1847) తెలుగు ఇంటివాడే, కాని తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో పోయాడు. మనలాగే బయటి తెలుగువాడు. మిగతావాళ్ళను చూడండి. ప్రతి విద్యార్థీ గొంతు సాధన చేసే భైరవి వర్ణం "విరిబోణి"ని కట్టిన పచ్చిమిరియం ఆదియప్పయ్య కన్నడిగుడు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌ది తమిళ ఇల్లు. ఆయన శిష్యుడు మైసూరు వాసుదేవాచార్యులు (1865-1961) కన్నడ దేశంవారు, తన జ్ఞాపకాలు కన్నడంలోనే రాసుకున్నారు. ఖమాసులో "బ్రోచేవారెవరురా" ఆయనదే. 1980లో "శంకరాభరణం" సినిమాతో అది ఇంటింటికీ చేరితే, మా సంఘం ఉపన్యాసకుడొకాయన దాన్నీ త్యాగయ్య ఖాతాలోనే జమ వేశాడు. అంతెందుకు, తంజావూరును 1684 నుంచి ఏలిన మరాఠా రాజు శహాజీ, పల్లకీ సేవను తెలుగు గేయనాటకంగా రాశాడు. ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడినా పాట దగ్గరికి వచ్చేసరికి తెలుగు అందుకునేవాళ్ళు. ఇది మన గొప్పా, వాళ్ళ గొప్పా?

కాపాడినవాళ్ళ లెక్క తీస్తే మనం ఇంకా తల దించుకోవాలి. క్షేత్రయ్య పదాలు ఇవాళ నోట నిలిచి ఉన్నాయంటే వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంటి ఆడవాళ్ళ చలవ. మనవరాళ్ళు బృంద, ముక్త ఆ పదాలను పాడారు, మరో మనవరాలు బాలసరస్వతి అభినయించింది. వాళ్ళింట్లో తమిళం. మేలట్టూరులో నరసింహ జయంతికి తమిళం మాట్లాడే ఊరివాళ్ళు రాత్రంతా మేలుకుని వెంకటరామశాస్త్రి తెలుగు "ప్రహ్లాద చరిత్ర" ఆడతారు. 1904లో తిరునెల్వేలి వైపు ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చు వేయించారు. అంత పెద్ద పుస్తకం, దాదాపు అంతా ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతుల చుట్టూ తిరిగేది, ఏ లిపిలో వేశారు? తెలుగు లిపిలో. నూట ఇరవై ఏళ్ళ కిందట సంగీతం నేర్వాలంటే తెలుగు అక్షరాలు దిద్దాలి. ఇవాళ తెలుగు ఇంటి పిల్ల సంగీతానికి ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతోంది.

తమిళ గాయకుల ఉచ్చారణ మీద జోకులు వెయ్యడం మనకు మహా సరదా. నిజమే, తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన అంకెలు వేసి పాపం వాళ్ళు తంటాలు పడతారు. అంకె జారితే భావం కాస్తా పావమైపోతుంది. కాని పక్కింట్లో ఉన్న మనం ఏనాడైనా వెళ్ళి కూర్చుని, "అమ్మా, ఇక్కడ విరుపు ఇలా కాదు, రాజమార్గం ఒక్క మాట, మధ్యలో తెంచకు" అని చెప్పామా? చెన్నపట్నంలో 1943లో తమిళ్ ఇసై సంఘం పెట్టి, మా భాషలో పాడమని వాళ్ళు అడిగినప్పుడు మనవాళ్ళకు రోషం వచ్చింది. వాళ్ళడిగిన దాంట్లో తప్పేముంది? అర్థమయ్యే పాట కావాలన్నారు. అర్థమయ్యే పాట చేతిలో ఉన్న మనం దాన్ని అర్థం లేకుండా వింటున్నాం.

అర్థం తెలిస్తే అంతా మెచ్చుకోవాలనీ లేదు. గౌళిపంతులోని "తెరతీయగ రాదా" ఎంత గొప్ప కృతి! లోపలి మత్సరమనే తెర తియ్యమంటున్నాడు, సుఖంగా భోంచేస్తుంటే ఈగ పడ్డట్టుందంటున్నాడు. ఇంత ఇంటి పోలిక మరొకరికి తోచదు. ఆ చరణంలోనే, హరిధ్యాన వేళ చిత్తం ఊరవతలి అంటరానివాళ్ళ వాడకు పోయినట్టుందనే పోలికా ఉంది. అది వినగానే నాకు గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది. దేవుడిలాంటి కవికీ తన కులం, తన కాలం అంటుకునే ఉంటాయి. ఈ మాట అంటే భక్తులు నా మీద విరుచుకుపడతారు. పడనీండి. పోట్లాడటానికైనా ముందు పాటలో ఏముందో తెలియాలి కదా.

తమిళనాట 2006 చట్టం తర్వాత ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి అయింది, హోసూరు వైపు బడుల్లో తెలుగు నిలబెట్టుకోవడానికి మనవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. తిరగాల్సిందే. కాని కోర్టు తీర్పు దాకా ఆగనక్కర్లేని బడి ఒకటుంది. సంగీతం క్లాసుకు పోయే ప్రతి తెలుగు పిల్ల చేతిలోనూ పాటల నోటుపుస్తకం ఉంది. దాంట్లో పాటను తెలుగు లిపిలో రాయించమని మాస్టారిని అడగడానికి ఏ ప్రభుత్వం అడ్డం వస్తుంది? మాస్టారికి రాకపోతే ఇంట్లో మనమే రాసివ్వాలి. వారానికొక కృతి, మాట విరిచి, అర్థం చెప్పి. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకు లిపి వస్తుంది, పైగా రెండు వందల ఏళ్ళ నాటి ఇంటి తెలుగు నోటికొస్తుంది. ఏ వాచకంలో ఉంది అంత మంచి తెలుగు?

మా సంఘం కార్యదర్శిగారికి ఇదే రాసి ఇచ్చాను: వచ్చే ఆరాధనకు అధ్యక్షోపన్యాసం పది నిమిషాలకు కుదించి, నాలుగు తెలుగు పంచరత్నాలూ పెద్ద అక్షరాల్లో, కింద అర్థంతో, ఒక కాగితం మీద అచ్చు వేయించి కుర్చీ కుర్చీకీ పెట్టండి అని. అచ్చు ఖర్చు ఎక్కువవుతుందని ఆయన అన్నారు. పూలదండల పద్దు ఎంతో చూపించమన్నాను. ఇంతవరకూ చూపించలేదు.