పరాయి కాటా మీద మన రాఘవ

మా ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాలు దిగే రోజుల్లో ఒక సంగతి గమనిస్తుంటాను. చపాటా మిర్చికి రంగు చూసి ధర కడతారు, తేజకు ఘాటు చూసి కడతారు. ఒకదాని గుణంతో మరొకదానిని కొలిచే వ్యాపారి ఉండడు. మిర్చికి దక్కిన ఈపాటి న్యాయం మన నటులకు దక్కడం లేదు.

బళ్లారి రాఘవను గూర్చి ఎవరు వ్రాసినా ఒకటే కథ. ఆయన ఇంగ్లండు వెళ్లడం, బెర్నార్డ్ షాను కలవడం, ఇండియాలో పుట్టడం మీ దురదృష్టమని ఆ మహాశయుడు అనడం. అంతటితో వ్యాసం సమాప్తం! నేనూ తక్కువ తినలేదు. తరగతిలో ఏళ్ల తరబడి ఈ కథే చెప్పాను. ఒకనాడు వెనుక బల్ల పిల్లవాడొకడు లేచి, "అంత గొప్పాయన ఈడ పుడితే మనకు మంచిదే గద సార్, దురదృష్టం ఎట్లయితది?" అన్నాడు. నాకు నోరు పెగలలేదు. ఈ టపా వానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారిలో వకీలుగా పేరు గడించిన రాఘవ, మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాలతో రంగమెక్కాడు. పద్యాన్ని రాగంలో సాగదీసి 'వన్స్‌మోర్'లు కొట్టించుకొనే కాలంలో, పాట కన్న పాత్ర ముఖ్యమన్నాడు. కోలాచలం శ్రీనివాసరావు రచించిన 'రామరాజు చరిత్ర'లో ఆయన పఠాన్ రుస్తుం ప్రఖ్యాతం. మగవారే ఆడవేషాలు కడుతున్న నాడు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని వేదికపైకి తెచ్చాడు. పి.వి. రాజమన్నారు 'తప్పెవరిది' నాటకాన్ని ప్రదర్శించి సాంఘిక నాటకానికి దారి వేశాడు. సినిమాలు చేసినవి మూడే. వాటిలో 1939 నాటి 'రైతుబిడ్డ' జమీందారుల ఆగ్రహానికి గురైంది. వకీలు రాఘవ అందులో రైతు నర్సిరెడ్డి.

ఇవన్నీ ఉండగా, తెలుగు రాని షా మాట తెలుగు వాచికానికి గీటురాయి ఎట్లవుతుంది? రాఘవ షేక్స్పియరు పాత్రలను ఇంగ్లీషులోనూ ధరించాడు, నిజమే. అయినా ఆయన మార్చింది మన రంగస్థలాన్ని గదా!

ఇంగ్లీషువారిని చూడండి. తమ డేవిడ్ గారిక్ 1741లో మూడవ రిచర్డుగా నిలబడి, సాగదీత ధోరణిని కాదని సహజంగా పలికాడని చెప్పుకుంటారు. అందుకు పొరుగుదేశపు యోగ్యతాపత్రం చూపరు. మనకెందుకీ వెంపర్లాట?

షా పేరెత్తితే తప్పేమని కొందరనవచ్చు. తప్పు లేదు, ఎత్తండి. కాని ముందు రాఘవ ఏమి చేశాడో చెప్పి, ఆ తర్వాత ఎత్తండి.

ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. 1946లో రాఘవ కన్నుమూసిందీ అదే తేదీన. బ్లాగ్మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి ఆనాడు రాఘవపై ఒక టపా వ్రాయండి, షా ఊసు లేకుండా. వ్రాయలేకపోతే లోపం రాఘవది కాదు, మనది.