రేవు ఎక్కడుండేది?

పిల్లలూ!

మీలో ఎవరైనా భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషనులో దిగారా? కొత్తవాళ్ళు అక్కడ రైలు దిగి, అటూ ఇటూ చూసి, "రాములవారి గుడి ఎటు వైపండీ?" అని అడుగుతూ ఉంటారు. గుడి అక్కడ ఎందుకుంటుంది? గోదావరి కూడా అక్కడ లేదు. ఆ స్టేషను ఉన్న ఊరు కొత్తగూడెం. అక్కడినుంచి భద్రాచలం దాదాపు 40 కిలోమీటర్లు. ఇక్కడ దిగి రోడ్డుమీద భద్రాచలం వెళ్ళాలి అని చెప్పడానికే స్టేషనుకు ఆ పేరు పెట్టారు. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను ఆముదాలవలసలో ఉండటం కూడా ఇలాంటిదే.

సరే, రోడ్డుమీద బయలుదేరామనుకోండి. ఇవాళ బస్సు సారపాక దాటి, వంతెన ఎక్కి, తిన్నగా భద్రాచలం ఊళ్ళోకి వస్తుంది. కిటికీలోంచి గోదావరిని చూసి దండం పెట్టుకునేలోగానే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. కాని ఆ వంతెన 1965లో గాని రాలేదు. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు దాన్ని ప్రారంభించారు. (ఇప్పుడు దాని పక్కనే రెండో వంతెన కూడా ఉంది.) అంతకుముందు ఈ దారిన వచ్చినవాళ్ళంతా ఒడ్డున దిగి పడవకోసం కాచుకోవలసిందే. వానకాలంలో గోదావరి పోటెత్తిందంటే పడవవాడు తాడు విప్పేవాడు కాదు. అవతల గుడి గోపురం కనిపిస్తూనే ఉండేది, వెళ్ళడానికి మాత్రం వీలుండేది కాదు!

రెండో దారి పూర్తిగా నీటిమీదే. రాజమహేంద్రవరంలో లాంచీ ఎక్కితే పాపికొండల నడుమనుంచి ఎగువకు రాగలిగేవారు. అడవిలో కొట్టిన వెదుళ్ళను, కలపను తెప్పలుగా కట్టి అదే నీటిమీద దిగువకు పంపేవారు. మనుషులు పైకి, వెదుళ్ళు కిందికి అన్నమాట.

అందుచేత అప్పటి భద్రాచలానికి వీధిగుమ్మం గోదావరి వైపు ఉండేది. యాత్రికుడైనా, బెల్లం బస్తా అయినా, ఉత్తరాల సంచి అయినా ముందు రేవులోనే దిగాలి. మా నాన్నగారు రేవు గురించి చెప్పేటప్పుడు గుడిని గురించి ఒక్క మాట చెబితే, రేవులో అమ్మే వేయించిన శనగల గురించి పది మాటలు చెప్పేవారు. వంతెన వచ్చాక బస్సులు రోడ్డుమీద ఆగసాగాయి. దుకాణాలు, హోటళ్ళు కూడా మెల్లగా అటే నడిచాయి. ఇల్లు అదే, వీధిగుమ్మం మారిపోయింది.

ఆ రేవులో ఇంకో వింత జరిగేది. దేశానికి స్వాతంత్ర్యం రాకముందు గోదావరికి ఒక ఒడ్డున ఉన్న భద్రాచలం బ్రిటిషువారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అవతలి ఒడ్డున ఉన్న బూర్గంపాడు నిజాముగారి హైదరాబాదు రాజ్యంలోది. నిజాము రాజ్యపు రూపాయిని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషు రూపాయిని అక్కడివాళ్ళు కల్దారు అని పిలిచేవారు. రెండింటికీ విలువ ఒకటి కాదు, కల్దారు కొంచెం ఎక్కువ. తపాలా బిళ్ళలు కూడా వేరే. అంటే పడవలో ఒక ఏరు దాటితే చాలు, జేబులో డబ్బు మారిపోయేదన్నమాట! 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో మళ్ళీ గీత జరిగింది. ఇప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంటే, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. సాయంకాలం షికారుకు బయలుదేరి పక్క రాష్ట్రం వెళ్ళి రావచ్చు.

ఇవన్నీ తెలిశాక మీ ఊరు పూర్వం ఎలా ఉండేదో తెలుసుకోవాలని మీకూ అనిపిస్తుంది కదూ? ఇంగ్లండులో చాలా ఊళ్ళవాళ్ళు తమ వీధుల పాత ఫొటోలు పోగుచేసి, పక్కన ఇప్పటి ఫొటో పెట్టి చూసుకుంటారు. మన అడవి అంచు పల్లెల్లో ఆ రోజుల్లో ఫొటో తీసేవాడెవడు? పెళ్ళికే తీయించుకోలేదు, సంత వీధికి తీయిస్తారా! కనుక మనకు మిగిలింది పెద్దవాళ్ళ జ్ఞాపకమే.

దాన్ని అడగటానికి ఒక పద్ధతుంది. "తాతయ్యా, అప్పుడు మన ఊరు ఎలా ఉండేది?" అని అడిగారంటే "బంగారంలా ఉండేది నాయనా" అంటాడు. కథ అంతటితో సరి. అలా కాదు. "మీ ఇంట్లోకి మంచినీళ్ళు ఏ బావినుంచి తెచ్చేవారు? బడికి ఏ దారిన వెళ్ళేవారు? దారిలో ఎన్ని చెట్లుండేవి? చీకటి పడ్డాక మొట్టమొదట ఎవరింట్లో దీపం కనిపించేది?" అని అడగండి. అప్పుడు తాతయ్య కళ్ళు మూసుకుంటాడు. ఆ దారిన మళ్ళీ నడుస్తాడు. మీరు పక్కనే కాగితంమీద గీసుకుంటూ పొండి. నాయనమ్మ వంటింట్లోంచి "అది వేపచెట్టు కాదు, ఇప్పచెట్టు" అని అడ్డు వచ్చిందంటే ఇంకా మంచిది. ఇద్దరి మాటా రాయండి. కోయ గూడేలలో ఉన్న పిల్లలు వాగులకు, గుట్టలకు తమ భాషలో ఉన్న పేర్లను తెలుగు చేయకుండా, పలికినట్టే రాయాలి. పేరు మార్చి రాస్తే అందులో ఉన్న సంగతి పోతుంది.

జ్ఞాపకాన్ని నమ్మవచ్చునా అని మీకు అనుమానం రావచ్చు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. అప్పుడు నేను భద్రాచలానికి కొంచెం ఎగువన ఒక చిన్న బడిలో కుర్ర పంతుల్ని. నీరు తీశాక, గోడమీద బురద ఎంతవరకూ అంటిందో చూసి పిల్లలూ నేనూ తారుతో ఒక గీత గీశాం. కొన్నేళ్ళకు ఎవరో గోడకు సున్నం వేయించారు, గీత పోయింది. 2022 జూలైలో మళ్ళీ అంత వరద వచ్చేసరికి ఊళ్ళో వాదన మొదలైంది. కుర్రవాళ్ళంతా "ఇదే పెద్దది" అన్నారు. ఒక ముసలవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "ఆ ఏడు మా అటకమీది కందుల కుండ తడిసి కందులు మొలకెత్తాయి. ఈసారి అటక తడవలేదు. ఇల్లు అదే, అటకా అదే" అన్నది.

భద్రాచలంలో గోదావరి ఎత్తును కొలిచే గుర్తులున్నాయి. సున్నా అని పెట్టుకున్న ఒక గుర్తునుంచి నీరు ఎన్ని అడుగులు పైకి వచ్చిందో వాటిని చూసి చెబుతారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీరు 75.6 అడుగులు. 2022లో 71.3 అడుగులు. నాలుగడుగుల పైచిలుకు తేడా! అవ్వకు ఈ అంకెలు తెలియవు, ఆమెకు కుండ తెలుసు. అందుకే పెద్దలు ఏదైనా చెప్పినప్పుడు, అది ఏ వస్తువుకు ముడిపడి ఉందో అడిగి తెలుసుకోవాలి సుమా.

ఇక తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈ పని సెలవులకని వాయిదా వేయకండి. పోలవరం ఆనకట్ట వెనక నీరు నిండుగా నిలిచిన రోజున కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలలోని ఎన్నో పల్లెలు నీటి కిందికి వెళతాయి. దిగువన దేవీపట్నం మండలంలో కొన్ని ఊళ్ళవాళ్ళు ఇప్పటికే ఇళ్ళు విడిచి కొత్త కాలనీలకు వెళ్ళిపోయారు. ఆనకట్టవల్ల దూరపు పొలాలకు నీరు వస్తుంది, కరెంటు వస్తుంది. దాని మంచిచెడ్డలు మీరు పెద్దయ్యాక మీరే ఆలోచించుకుంటారు. కాని కాలనీలో పుట్టే పసివాడికి తన ఊరు చూపించాలంటే వెళ్ళి చూపించడానికి గట్టు కూడా ఉండదు. భద్రాచలంలో పాత రేవు ఎక్కడుండేదో వెతకడానికి కనీసం ఒడ్డయినా ఉంది.

అందుకని ఈ నెల ఆ మండలాల పిల్లల కాగితాలు ముందుగా చూస్తాను. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. బడి, బావి, గుడి, చర్చి, పీర్ల చావిడి, దేవర గద్దె, మీ ఊళ్ళో ఏవి ఉంటే అవన్నీ గీయండి. ఒక చోటినుంచి ఇంకో చోటికి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టి అంకె వేయండి. కూనవరం పిల్లలు శబరి గోదావరిలో కలిసేచోట రెండు నీళ్ళూ ఏ నెలలో ఏ రంగులో ఉంటాయో కూడా రాయండి. సంత ఏ చెట్టుకింద జరుగుతుందో మరిచిపోకండి.