కంప్యూటర్ పూడ్చేసిన కుంట

చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలో ఇప్పుడు కంప్యూటర్ మ్యాపు చెప్తోంది. మంచిదే. కానీ ఆ మ్యాపు ఎట్ల తయారవుతుందో మనకూ తెలియాలి.

2000 ఫిబ్రవరిలో నాసా అంతరిక్ష నౌక రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. ఉచితంగా దొరికే ఆ డేటాలో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. గడికి ఒకే ఎత్తు. చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఏది బాగా పల్లమైతే నీళ్లు అటే పోతాయని లెక్క. మధ్యలో గుంట వస్తే లెక్క ఆగిపోతుంది. అందుకే చాలాసార్లు గుంటలన్నిటినీ తప్పులుగా ఎంచి ముందే పూడ్చేస్తారు. వాటితో పాటు నిజమైన కుంటలూ పోతాయి.

మన పాములపాడు పక్కనే నల్లమల. దట్టమైన చెట్ల కింద నేలను ఆ రాడార్ సరిగ్గా చూడలేకపోయింది. రెండు బారల వాగు 30 మీటర్ల గడిలో ఆనదు.

మ్యాపు వద్దని కాదు. పెద్ద వాలు ఎటో అది చెప్తుంది. ఏ ఊట ఏ నెల దాకా ఉంటుందో చెంచు పెద్దోళ్లే చెప్పాలి. నీటి వనరులను కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ హక్కుదారులకూ గ్రామసభకూ ఇచ్చింది. కాబట్టి మ్యాపు ముందు గ్రామసభకు రావాలి. ఆఫీసర్లు మన పెద్దోళ్లతో వాగెంట నడవాలి. ఆ తర్వాతే సంతకం!