నిప్పుకి గీత ఉండదు

"మావయ్యా, నాన్న బండి మీద మంటలు వేస్తాను" అన్నాడు గుడివాడలో ఉండే మా మేనల్లుడు. స్టిక్కర్లు కాదట, అచ్చం నిప్పులా ఉండాలట. అప్పటికే ఎయిర్‌బ్రష్షూ, చిన్న కంప్రెసరూ కొనేశాడు. బావగారు పోయి మూడేళ్లయింది. ఆ నల్లబండిని ఆయన ఎంత అపురూపంగా తుడుచుకునేవారో అందరికీ తెలుసు. అక్క ఏమీ అనలేదు. అందుకే నేనే ఒక షరతు పెట్టాను: ముందు పాత రేకు మీద వేసి చూపించు, తర్వాతే బండి జోలికి వెళ్లు.

మొదటి రేకు చూసి అక్క, "పండుమిరపకాయలు బాగున్నాయిరా" అంది!

తప్పెక్కడుంది? తెల్లరేకు మీద ఎర్రరంగు కొట్టి, చుట్టూ పసుపు గీత గీశాడు. నిప్పుకి గీత ఉండదు. భోగిమంట ముందు నిలబడి చూడండి. నాలుక ఒక అంచు పదునుగా ఉంటే, రెండో అంచు పొగలా చీకట్లో కలిసిపోతుంది. మంటకు వెలుగు వచ్చేది వెనకున్న చీకటివల్లే. అమెరికాలో ఇలాంటి మంటలకు పేరుపడ్డ మైక్ లావలీ పద్ధతి కూడా నల్లరంగు మీదే మొదలవుతుంది.

నలుపు మీద స్టెన్సిల్ అంచు ఆనించి నారింజ రంగు పలచగా కొట్టాలి. ప్రతిసారీ స్టెన్సిల్‌ని తిప్పుతూ జరుపుతూ ఉండాలి, లేకపోతే ఒకే నాలుక పదిచోట్ల కనిపిస్తుంది. దాని మీద అద్దంలా పారదర్శకంగా ఉండే ఎరుపు పొర. ఆ పైన అక్కడక్కడ పసుపు, మళ్లీ పారదర్శకమైన నారింజ పొర. చివరగా బాగా వేడెక్కినచోట మాత్రమే పసుపు కలిపిన తెలుపు చుక్కలు. ఇలా పొర కింద పొర కనిపిస్తేనే లోతు వస్తుంది. స్టెన్సిల్‌కి పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించినా చాలు.

ఇదంతా చెబితే వాడికి ఎక్కలేదు. బందరు వెళ్తూ పెడనలో దిగి కలంకారీ అద్దకం చూపించాను. ఒక పువ్వుకి ఎన్ని రంగులో అన్ని టేకు అచ్చులు. ముందు నలుపు, తర్వాత ఎరుపు, ప్రతిదానికీ దాని వరస ఉంది. పాత పద్ధతిలో ఆకుపచ్చకి వేరే రంగే లేదు. నీలిమందు మీద పసుపు వేస్తే అదే ఆకుపచ్చయ్యేది. "ఓహో, కిందిది పైకి కనపడాలన్నమాట!" అన్నాడు. అక్కడ వెలిగింది వాడికి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. దివిసీమ వైపు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరి రంగుతోపాటు చిమ్ముతుంది. రోజూ ఆ నీరు వదిలేయాలి, గొట్టానికి తేమ పట్టే ఫిల్టరు పెట్టాలి. ముసురు రోజుల్లో కొన్ని రంగులు తెల్లగా పాలిపోతాయి కూడా.

అంతకంటే ముఖ్యం ఊపిరి. పైన మెరుపు కోసం కొట్టే, గట్టిపడే మందు కలిపిన క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెస్తాయి. ముక్కుకి రుమాలు కట్టుకుంటే ఆగవు. నేర్చుకునేటప్పుడు నీళ్లలో కలిసే రంగులు వాడి, ఆ ఆఖరి పొరని సరైన బూతు, గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డుకి వదిలేయడం మంచిది. రిజిస్ట్రేషన్ కార్డులో బండి రంగు రాసి ఉంటుంది కాబట్టి, ఆ రంగే మార్చాలనుకుంటే రవాణా శాఖ ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

నాలుగో రేకు చూసి అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ట్యాంకు జోలికి వెళ్లకురా. అది మీ నాన్న తుడిచిన నలుపు. పక్క డబ్బాల మీద వేసుకో" అంది.

డబ్బాలు ఊడదీస్తే వచ్చేవి, పాడైతే కొత్తవి దొరుకుతాయి. వాడు సరేనన్నాడు. ఈసారి భోగి రోజున మంట దగ్గర అందరికంటే ముందు నిలబడేది వాడే.