నామినేషన్ పత్రంలో ఆ ఖాళీ ఇక వద్దు

కోరంగి రేవులో ఓడెక్కి, చెరకు తోటల్లో కూలికి వెళ్లినవారి మునిమనవడు ఇవాళ మారిషస్ పార్లమెంటుకు పోటీ చేయాలనుకుంటే నామినేషన్ పత్రంలో ఒక ప్రశ్నకు జవాబు రాసి తీరాలి: మీది ఏ వర్గం? రాయదగిన జవాబులు నాలుగే. హిందువు, ముస్లిం, చైనా సంతతి, ఈ మూడింటిలోనూ ఇమడనివారందరినీ కలిపి ‘సాధారణ జనాభా’. ఖాళీ వదిలేస్తే పత్రం చెల్లదు. ఎవరు ఏ వర్గమో తేల్చడానికి ఆ దేశ రాజ్యాంగం మొదటి షెడ్యూలు చూపిన కొలబద్ద ‘జీవన విధానం’. అంటే తిండా, బట్టా, మొక్కే దేవుడా, ఇంట్లో మాట్లాడే భాషా? తగవు వస్తే న్యాయమూర్తి తేల్చాలి. ప్రజల ఓటు అడగడానికి వచ్చిన మనిషిని ముందు పుట్టుక చెప్పమనే ఈ నిబంధన పోవాలి. దాని స్థానంలో ఓట్లను బట్టి పార్టీలకు సీట్లు దక్కే పద్ధతి రావాలి. ఈ రెండూ ఒకే బిల్లులో జరగాలి.

ఈ ప్రశ్న అడగడానికి కారణం ‘బెస్ట్ లూజర్’ పద్ధతి. మారిషస్ దీవిలోని 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురు చొప్పున, రొడ్రిగ్స్ దీవి నుంచి ఇద్దరు, మొత్తం 62 మంది ఓట్లతో గెలిచి వస్తారు. ఆపైన ఏ వర్గానికి సభలో తక్కువ చోటు దక్కిందో లెక్కగట్టి, ఓడినవారిలో మెరుగైన ఓట్లు వచ్చినవారికి గరిష్ఠంగా 8 సీట్లు ఇస్తారు. ఆ లెక్క కోసం ఇప్పటికీ 1972 జనాభా లెక్కల్నే తిరగేస్తున్నారు. 1982 నుంచి జనగణనలో వర్గం అడగడం మానేశారు. దేశ గణాంకాలకు అక్కర్లేదనుకున్న ప్రశ్న అభ్యర్థికి మాత్రం తప్పలేదు. యాభై ఏళ్లు నిండనివారు ఎవరూ ఆ లెక్కల్లో లేరు. వారి ప్రాతినిధ్యాన్ని మాత్రం అవే నిర్ణయిస్తున్నాయి. వర్గాన్ని తప్పనిసరిగా చెప్పించుకుంటూ, దానికి తగ్గ తాజా లెక్కలు లేకుండా నెట్టుకురావడం పౌరహక్కుల ఒడంబడికకు విరుద్ధమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లోనే తేల్చింది. 2014 ఎన్నికలకు మాత్రం వర్గం చెప్పకపోయినా పోటీ చేయనిచ్చారు. అది ఆ ఒక్కసారికి ఇచ్చిన సడలింపే. 2019లో పాత నిబంధన తిరిగొచ్చింది, చెప్పనివారి నామినేషన్లు మళ్లీ తిరస్కరణకు గురయ్యాయి.

ఈ పద్ధతిని పెట్టినవారిని తప్పుపట్టలేం. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం రావడానికి రెండు నెలల ముందే రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో ఆఫ్రికా మూలాలున్న క్రియోల్, ముస్లిం వర్గాల మధ్య నెత్తురు పారింది. అల్లర్లను అణచడానికి బ్రిటిష్ సైనికులను రప్పించాల్సి వచ్చింది. తెల్లదొరలు వెళ్లిపోయాక హిందూ ఆధిక్యంలో తమ గతేమిటన్న భయం చిన్న వర్గాలకు ఉండేది. అది ఊహలోంచి పుట్టిన భయం కాదు. సభలో మీకూ చోటు ఉంటుందన్న హామీ ఆనాడు కొత్త దేశాన్ని నిలబెట్టింది. బెస్ట్ లూజర్‌ను తీసేయాలనేవారు ముందు ఈ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా చేసే సంస్కరణను ఆ వర్గాలు నమ్మవు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

అయితే ఆ హామీ ఎంతమందికి దక్కుతోంది? మన తెలుగువారినే తీసుకుందాం. ఉగాదికి దేశమంతటికీ సెలవు ఇచ్చే దీవి అది. 1947 నుంచి అక్కడ ఆంధ్ర మహాసభ పనిచేస్తోంది, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. బడుల్లో మన భాష చెబుతున్నారు. కానీ బెస్ట్ లూజర్ లెక్కలో తెలుగువాడు కనబడడు. తమిళుడూ, మరాఠీవాడూ అంతే. అందరినీ హిందువుల ఖాతాలో వేసి, ఆ వర్గానికి సీట్లు నిండుగా ఉన్నాయి కనుక మీకు అక్కర్లేదంటారు. చిన్న సమూహాల రక్షణ కోసం పుట్టిన పద్ధతి అన్నిటికంటే చిన్న సమూహాలను లెక్కలోకే తీసుకోవడం లేదు. అందుకు మందు ఐదో గడినో ఆరో గడినో చేర్చడం అసలే కాదు. అలా మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేరు.

అసలు జబ్బు ఓట్ల లెక్కలో ఉంది. దీవిలోని ప్రతి ఓటరుకూ మూడు ఓట్లు, మూడూ వేయాల్సిందే. గాలి ఒకవైపు వీస్తే మూడు సీట్లూ ఒకే పక్షానికి పోతాయి. అలా 1982లో 60కి 60, 1995లో 60కి 60, 2024 నవంబరు 10న మళ్లీ 60కి 60 సీట్లు ఒకే కూటమి గెలిచింది. ఈసారి నవీన్ రామ్‌గులామ్ నాయకత్వంలోని మార్పు కూటమికి పడిన ఓట్లు 60 శాతానికి కాస్త పైన. అప్పటిదాకా ప్రధానిగా ఉన్న ప్రవింద్ జగన్నాథ్ పక్షానికి నాలుగో వంతుకు పైగా ఓట్లు వచ్చినా నెగ్గిన సీటు ఒక్కటీ లేదు. ప్రతిపక్ష నేతగా కూర్చున్న జో లెజోంగార్ సైతం సభకు వచ్చింది బెస్ట్ లూజర్ దారిలోనే.

ఆ పద్ధతిని రద్దు చేసి ఊరుకుంటే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తోంది. 2024 తీర్పు మళ్లీ వస్తే ప్రధాని ఎదురుగా కూర్చోవడానికి ఓడిన ప్రధాన పక్షం నుంచి ఒక్కరూ ఉండరు. వర్గం గడిని చెరిపేసి చేతులు దులుపుకోవద్దని మేం పట్టుబట్టేది ఇందుకే.

ప్రతిపక్షం పలచబడితే చట్టం ఎలా తయారవుతుందో 2025లో ఆ దేశం చూసింది. జూన్ బడ్జెట్‌లో వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి అంచెలంచెలుగా 65కు పెంచుతామని ప్రభుత్వం ప్రకటించింది. ఖజానా ఇబ్బందులు నిజమే కావచ్చు. వృద్ధుల సంఖ్య పెరుగుతున్న దేశానికి ఆ చర్చ తప్పకపోవచ్చు. కానీ జీవితమంతా లెక్కపెట్టుకుని 60 కోసం ఎదురుచూసిన కార్మికుడి తరఫున సభలో గట్టిగా నిలదీయడానికి తగినంత మంది లేరు. వాదన వీధిలోకి వచ్చింది, కార్మిక సంఘాలు ఊరేగింపులు తీశాయి. సభలో అంకెలతో, సవరణలతో సాగాల్సిన పోరు నినాదాలతో సాగింది. ఏ ప్రభుత్వానికీ అది మేలు కాదు. ఓట్లేసి గెలిపించిన ప్రజలకు అసలే కాదు.

నివేదికలకు కొదవ లేదు. దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ అధ్యక్షతన వేసిన కమిషన్ 2002లోనే పార్టీల ఓట్లను బట్టి నింపే దామాషా సీట్లు చేర్చమంది. 2011లో ఫ్రెంచి రాజ్యాంగ నిపుణుడు గీ కార్కసోన్ బృందం, 2012లో మాజీ ఆర్థిక మంత్రి రామ సితానెన్ తమ తమ సూత్రాలు ఇచ్చారు. 2018 డిసెంబరులో జగన్నాథ్ ప్రభుత్వం బిల్లు సభలో పెట్టి కూడా, తగిన మద్దతు రావడం లేదని పక్కనపెట్టింది. ఇలాంటి రాజ్యాంగ సవరణకు సభలో నాలుగింట మూడొంతుల మంది చేతులెత్తాలి. ఇన్నేళ్లూ ప్రతి ప్రభుత్వానికీ అదే సాకు. 2024లో ప్రజలు ఆ సాకును లాగేసుకున్నారు. సభలో పదింట తొమ్మిదొంతుల సీట్లు ఒకే కూటమికి ఇచ్చారు. వర్గం చెప్పబోమని కోర్టుల చుట్టూ తిరిగి, ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లిన రెజిస్తాన్స్ ఎక్ అల్తర్నాతివ్ పక్షం నేత అశోక్ సుబ్రన్‌కు ఆ కూటమి మంత్రివర్గంలో చోటిచ్చింది. 2025 జనవరిలో ప్రకటించిన ప్రభుత్వ కార్యక్రమంలో ఎన్నికల సంస్కరణ ఉంది, రాజ్యాంగ సమీక్ష కమిషన్ మాట ఉంది. మరో కమిషన్ మరో నివేదిక ఇవ్వడంతో ఇది ఆగిపోకూడదు.

దామాషా వస్తే ప్రభుత్వాలు నిలవవని ఒక వాదన ఉంది. మేం అడుగుతున్నది 62 స్థానాలను తీసేయమని కాదు. అవి అలాగే ఉంచి, పార్టీలకు పడిన ఓట్లను బట్టి నింపే సీట్లను పైన చేర్చాలి. గెలిచినవారికి పాలించే బలం మిగులుతుంది, ఓడినవారికి అడిగే గొంతు దక్కుతుంది. ముస్లిం ఓటరు, క్రియోల్ ఓటరు, తెలుగు ఓటరు ఏ పార్టీకి వేసినా ఆ ఓటు లెక్కలోకి వస్తుంది కనుక, ఏ పార్టీ జాబితా అయినా అన్ని వర్గాలనూ వెతుక్కోక తప్పదు. జాబితాల మీద పార్టీ అధినేతల పెత్తనం పెరుగుతుందన్న భయం మాత్రం న్యాయమైనదే. కొన్ని కుటుంబాల చుట్టూ తిరిగిన రాజకీయం అది. అందుకే జాబితాను నామినేషన్ రోజునే వరుస క్రమంతో ప్రకటించాలి. ఎన్నికయ్యాక మార్చడానికి వీల్లేదని చట్టంలో రాయాలి. స్థానిక ఎన్నికల్లో స్త్రీలైనా పురుషులైనా అభ్యర్థుల్లో మూడో వంతుకు తగ్గకూడదని 2011లో అదే పార్లమెంటు చట్టం చేసింది. ఆ నియమం ఈ జాబితాకూ వర్తించాలి.

రామ్‌గులామ్ ప్రభుత్వం బిల్లును ఎన్నికల ముంగిట హడావిడిగా తేకూడదు. ఇప్పుడే సభ ముందు పెట్టి, చిన్న వర్గాల సంఘాల మాట బహిరంగంగా విని, నిబంధనల వారీగా చర్చించాలి. తర్వాతి సార్వత్రిక ఎన్నికలకు అచ్చయ్యే నామినేషన్ పత్రంలో అభ్యర్థి పేరు, చిరునామా, నియోజకవర్గం, పార్టీ అడిగితే చాలు.